దారి మళ్లింపు

కృష్ణా డెల్టాలో ప్రతి సంవత్సరము వేసవియందు కాలువలకు నీరు కట్టివేయుదురు. అప్పుడు చేలలో వరి ఉండదు. ఆ కొలది వారములలో కాలువల పూడిక తీయుదురు. కోతపడిన గట్లను మరల పోయుదురు. లాకుల తలుపులను, తూములను బాగుచేయుదురు. తొలకరి తరువాత ఆనకట్టనుండి నీరు వదలునప్పటికి పని ముగిసియుండును. ఈ పద్ధతి డెల్టా రైతులకు తరతరములుగా తెలిసినదే. కాలువ ఎండియుండగా దానిని మరమ్మతు చేయుట సులభము.

రహదారికి అట్టి వేసవి లేదు. సంవత్సరములో ఏ మాసమునందైనను, దినములో ఏ గంటయందైనను దానిపై జనప్రవాహము నిలువదు. పాలు, కూరగాయలు తెల్లవారకముందే పట్టణము చేరవలెను. విద్యార్థులు, ఉద్యోగులు ఉదయముననే బయలుదేరవలెను. రోగులు ఏ క్షణముననైన ఆసుపత్రికి పోవలసిరావచ్చును. కావున రహదారిని పునర్నిర్మించువారు నిండుగా పారుచున్న కాలువను ఆపక దాని గట్టును మార్చిన విధముగా పనిచేయవలసియుందురు. ఇందుకై వారు చేయు ఏర్పాటునే దారి మళ్లింపు అందురు. చూచుటకు ఇది చిన్న విషయము. ఒక అడ్డుకంచె, ఒక బాణపు గుర్తు, ఒక పోలీసు ఉద్యోగి మాత్రమే మనకు కనబడుదురు. కాని దాని వెనుక గణితమును, ధర్మవిచారమును కూడ కలవు.

విజయవాడనుండి మచిలీపట్నమునకు పోవు దారిని ప్రజలు బందరు రోడ్డు అందురు. మచిలీపట్నమునకు బందరు అనునది వాడుక పేరు. నగరములోని భాగమునకు మహాత్మాగాంధీ రోడ్డని పేరు పెట్టబడినది. పూనా నగరమునుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా సముద్రతీరము చేరు జాతీయ రహదారికి ఇది తూర్పు కొస. పూర్వము ఆ రహదారి సంఖ్య 9. 2010లో జరిగిన మార్పు తరువాత 65 అయినది. బెంజి సర్కిలు దాటిన పిమ్మట పటమట, కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు మొదలగు ఊళ్లు ఒకదాని తరువాత ఒకటిగా వచ్చును. విజయవాడకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున కంకిపాడు ఉన్నది. అక్కడినుండి దారి ఉయ్యూరు, పామర్రుల మీదుగా బందరునకు సాగును. ఒకప్పుడు డెల్టా కాలువలపై పడవలు సరకులను మోసెడివి. ఆ భారమంతయు ఇప్పుడు రహదారిపై పడినది. కంకిపాడు చుట్టుపట్ల పల్లెలవారికి కొలువు, కళాశాల, వైద్యము, వ్యాపారము అన్నియు ఈ ఒక్క దారికే ముడిపడియున్నవి.

ఇట్టి దారి రెండు వరుసలతో చాలకపోగా నాలుగు వరుసలుగా విస్తరింపబడినది. ఆ పనియు, నగరములోని కూడళ్లలో జరిగిన ఫ్లైఓవరు పనులును ఇంచుమించు ఒకే దశాబ్దమున సాగెను. కావున కంకిపాడునుండి బస్సెక్కిన ప్రయాణికునకు ఊరిదగ్గర ఒక తవ్వకము, నగరద్వారమున మరియొక తవ్వకము ఎదురగుచుండెను. పని ఏల ఇంత ఆలస్యమగుచున్నదని విసుగుకొనుట సహజము. కాని డెల్టా నేలమీద రహదారి వేయుట ఎట్టిదో తెలిసికొన్నచో ఆ విసుగు కొంత తగ్గును.

డెల్టాలో పెక్కుచోట్ల నల్లరేగడి నేల కలదు. అది వానకాలమున నీరు పీల్చి ఉబ్బును. ఎండకాలమున ఆరి నెఱ్ఱెలు విచ్చును. ఇట్లు ఉబ్బుచు, కుంగుచు ఉండు నేలపై తారు పరచినచో రెండు మూడు వానలకే అది పగులును. అందుచేత మొదట పై మట్టిని తీసివేసి గట్టిమట్టిని పొరలు పొరలుగా పోయవలెను. ప్రతి పొరను తగినంత తడిపి రోలరుతో అణచవలెను. తడి ఎక్కువైనను, తక్కువైనను మట్టి గట్టిపడదు. దానిపై కంకర పొరలు, వానిపై తారు పొరలు రావలెను. కాంక్రీటు పనియైనచో దానికి పోసిననాటినుండి తడి ఆరనీయక కాపాడవలెను. దాని బలమును 28 దినముల పిమ్మట పరీక్షించి లెక్కింతురు. తొందరపడి దానిపై బరువు మోపినచో పని పాడగును. వానలు పడుచుండగా మట్టిపని సాగదు. ఇవిగాక దారి వెంట విద్యుత్తు స్తంభములు, మంచినీటి గొట్టములు, మురుగు తూములు ఉండును. వానిని ఒక్కొక్కదానిని కదల్చి, మరియొక చోట నిలిపిన తరువాతనే తవ్వకము మొదలగును. కావున దారిని నిలువుగా రెండు సగములుగా భావించి, ఒక సగముపై వాహనములు నడుపుచు రెండవ సగమును కట్టుదురు. అది ముగిసిన పిమ్మట వాహనములను కొత్త సగముపైకి తెచ్చి పాతదానిని తవ్వుదురు.

సగము దారిపై వాహనములు నడచునప్పుడు ఏమగునో ఒక లెక్కవలన గ్రహింపవచ్చును. ఒక కూడలికి నిమిషమునకు 40 వాహనములు వచ్చుచున్నవనుకొందము. పని కారణముగా నిమిషమునకు 30 మాత్రమే దాటగలవనుకొందము. నిమిషమునకు 10 చొప్పున మిగులును. ఒక గంట గడచునప్పటికి 600 వాహనములు నిలిచిపోవును. అవి రెండు వరుసలుగా నిలిచి, ఒక్కొక్కటి ముందు వెనుకల ఎడముతో కూడ 8 మీటర్ల చోటు ఆక్రమించినచో, వరుస పొడవు 2,400 మీటర్లగును. పిదప రద్దీ తగ్గి నిమిషమునకు 20 వాహనములు మాత్రమే వచ్చినను, వెంటనే దారి తెరపికాదు. నిమిషమునకు 10 చొప్పున పాత వరుస తరుగుటకు మరియొక గంట పట్టును. ఉదయము తొమ్మిది గంటల రద్దీ పదునొకండు గంటలకును కనబడుటకు కారణమిదియే. తూములో పట్టినంత నీరే పారును. ఎగువన ఎంత నీరున్నను, ఎంత ఒత్తిడి పెట్టినను గట్టు పొర్లునే గాని పొలమునకు మేలు కలుగదు. అట్లే నిలిచిపోయిన వరుసలో హారన్లు మ్రోగించుటవలన ఒక్క వాహనమైనను అదనముగా దాటదు.

ఈ లెక్కను బట్టి చూడగా, ఇరుకైన చోటికి వచ్చు వాహనముల సంఖ్యను తగ్గించుటయే ఉపాయమని తేలును. ఇందుకై కొన్ని వాహనములను వేరు దారులకు పంపవలెను. ఇక్కడ విజయవాడ నగరమునకు ప్రకృతియే ఒక చిక్కు తెచ్చిపెట్టినది. నగరమునకు ఒక ప్రక్క కృష్ణానది. మరియొక ప్రక్క ఇంద్రకీలాద్రి మొదలగు కొండలు. ఊరిలోనుండి ఏలూరు కాలువ, రైవసు కాలువ, బందరు కాలువ పారుచున్నవి. కాజీపేట, విశాఖపట్నము, చెన్నై, గుడివాడ వైపులకు పోవు రైలుమార్గములు ఇక్కడ కలియుచున్నవి. నదిని దాటుటకు వారధులు కొన్నియే. కాలువలను దాటుటకు వంతెనలు కొన్నియే. పట్టాలను దాటుటకు క్రింది దారులు, మీది దారులు కొన్నియే. మైదానమున కట్టిన ఊరిలో ఒక వీధి మూయబడినచో పక్క వీధినుండి పోవచ్చును. విజయవాడలో ఒక వంతెన దగ్గర పని మొదలైనచో పక్క వంతెనకు పోవుటకు చాల దూరము తిరుగవలసియుండును.

ఈ ఇబ్బంది కనకదుర్గ ఫ్లైఓవరు నిర్మాణకాలమున ప్రజలకు స్పష్టముగా తెలిసెను. హైదరాబాదు వైపునుండి వచ్చు దారి దుర్గగుడి దగ్గర కొండకును నదికిని నడుమ ఇరుకుగా నుండెడిది. అక్కడ ఆరు వరుసల ఫ్లైఓవరు కట్టుటకు 2015 డిసెంబరులో శంకుస్థాపన జరిగెను. 2016 ఆగస్టులో వచ్చు కృష్ణా పుష్కరములనాటికి దానిని ముగింపవలెనని మొదట తలచిరి. కాని అది 2020 అక్టోబరు 16వ తేదీన ప్రారంభమాయెను. సుమారు 2.6 కిలోమీటర్ల పొడవున అది నదీతీరము వెంట సాగుచున్నది. ఆ సంవత్సరములలో కొండ పాదమున పోవలసిన వాహనములు పెక్కు విద్యాధరపురము, చిట్టినగరు వైపుగా కొండను చుట్టిపోవలసివచ్చెను. ఆ వీధులు నివాసములతోను, అంగళ్లతోను నిండినవి. జాతీయ రహదారి భారము మోయుటకై ఏర్పడినవి కావు.

బెంజి సర్కిలు చిక్కు వేరు విధమైనది. అక్కడ చెన్నైనుండి కోల్‌కతాకు పోవు 16వ సంఖ్య జాతీయ రహదారియు, బందరు రోడ్డును ఒకదానినొకటి ఖండించుకొనుచున్నవి. కంకిపాడునుండి నగరమునకు వచ్చువారు ఈ కూడలిని దాటియే రావలెను. దూరప్రయాణపు లారీలు పైనుండి పోయినచో క్రింద ఊరివారికి దారి తెరపియగునను ఉద్దేశముతో ఇక్కడ రెండు ఫ్లైఓవర్లు ప్రక్కప్రక్కన కట్టబడెను. మొదటిదానిపై 2020లో వాహనములు నడచెను. రెండవది 2022 ఫిబ్రవరి 17వ తేదీన ప్రారంభింపబడెను. ఒక్కొక్కటి రెండు కిలోమీటర్లకు మించిన పొడవు కలది. స్తంభములు లేచుచున్నంతకాలము వాహనములు ఇరువైపుల అంచు దారులపై ఒదిగి పోవలసివచ్చెను.

మళ్లింపులో మొదటి సూత్రము దూరపు వాహనమును దూరముననే మళ్లించుట. నగరముతో పనిలేని లారీ నగరముదాక వచ్చి కూడలిలో నిలుచుట అందరికిని నష్టము. ఇందుకు దసరా ఉత్సవముల కాలమున విజయవాడ చుట్టు చేయు ఏర్పాటు మంచి ఉదాహరణము. హైదరాబాదునుండి విశాఖపట్నము పోవు భారీ వాహనములను ఇబ్రహీంపట్నముననే త్రిప్పి మైలవరము, నూజివీడుల మీదుగా హనుమాన్ జంక్షనుకు పంపుదురు. చెన్నైనుండి విశాఖపట్నము పోవువానిని ఒంగోలు దగ్గరనుండియే చీరాల, బాపట్ల, రేపల్లె దారిని పట్టింతురు. అవి పెనుమూడి, పులిగడ్డ నడుమ వారధిపై కృష్ణను దాటి, అవనిగడ్డ, పామర్రు, గుడివాడల మీదుగా హనుమాన్ జంక్షను చేరును. హైదరాబాదు, చెన్నైల నడుమ తిరుగునవి నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి మార్గమున పోవును. కోరిన ఊరు నూరు కిలోమీటర్ల దూరమున నుండగానే దారి చీలుటవలన డ్రైవరునకు పెద్దగా చుట్టు కాదు. నగరమునకు బరువు తీరును.

ఐతే మళ్లింపువలన భారము మాయము కాదు. ఒకరి భుజమునుండి మరియొకరి భుజమునకు మారును. నగరమునుండి తొలగిన లారీ ఏదో ఒక పల్లెలోనుండియే పోవలెను. ఆ పల్లె దారి సన్ననిది. కాలువలపై ఆ దారికున్న వంతెనలు తేలిక బండ్లకై కట్టినవి కావచ్చును. దారి పక్కననే పాఠశాల ఉండవచ్చును. ధాన్యము ఆరబోసిన కళ్లము ఉండవచ్చును. గేదెలు సాయంకాలము ఆ దారినే ఇల్లు చేరును. నిన్నటివరకు గంటకు పది వాహనములు చూచిన పిల్లలకు ఒకనాటినుండి నిమిషమునకు పది వాహనములు ఎదురైనచో అపాయము కలుగకుండునా? కావున మళ్లింపు దారిని ఎంచువారు ముందుగా ఆ దారి బలమును, వెడల్పును చూడవలెను; పాఠశాలల దగ్గర వేగనిరోధములను ఏర్పరుపవలెను; రాత్రివేళ వెలుతురు ఉన్నదో లేదో విచారింపవలెను; పని ముగిసిన తరువాత గుంటలుపడిన ఆ దారిని మరల బాగుచేయవలెను. తనకు మేలు చేయని పనికై తన దారిని పోగొట్టుకొన్న పల్లెకు ఆ మాత్రము న్యాయము జరుగవలెను గదా!

డెల్టా రైతులకు ఈ న్యాయము క్రొత్తది కాదు. కాలువలో నీరు తగ్గినప్పుడు మొదట నష్టపోవువాడు కాలువ చివరి పొలము రైతు. ఎగువవారు తమ తూములను తెరచియుంచినచో అతని చేనికి నీరు చేరదు. అందుచేతనే నీరు చాలని సంవత్సరములలో వంతులు ఏర్పరతురు. కొన్ని దినములు ఎగువవారు తూములు మూసికొందురు; ఆ నీరు చివరికి చేరును. రహదారి ఇరుకైనప్పుడును ఇట్లే ఆలోచింపవలెను. ఇక్కడ చివరి పొలము రైతు ఎవ్వడు? సొంత వాహనము కలవాడు కాడు. అతడు మరియొక దారి వెదకికొనగలడు, తెల్లవారుజామున బయలుదేరగలడు. వేరు దారి ఎన్నుకొను స్వేచ్ఛ లేనివాడు బస్సు ప్రయాణికుడు. దారిలోని చిన్న ఊరి నిలుపుదలలో నిలుచున్న ప్రయాణికునకు ఆ స్వేచ్ఛ మరింత తక్కువ.

బందరు రోడ్డుపై బస్సును ఉప్పులూరు వైపు త్రిప్పి చెన్నై–కోల్‌కతా రహదారిపైకి పంపినారనుకొందము. కంకిపాడున ఎక్కి విజయవాడలో దిగువానికి కొంత చుట్టు మాత్రమే. కాని పెనమలూరులోను, పోరంకిలోను, తాడిగడపలోను నిలుచున్నవారికి ఆ బస్సు రాదు. దినకూలికి పోవువాడు గంట ఆలస్యమైనచో ఆనాటి పని పోవును. పరీక్ష వ్రాయవలసిన విద్యార్థికి గంట ఆలస్యము ఒక సంవత్సరపు నష్టము కావచ్చును. ఆసుపత్రిలో చీటీ తీసికొనవలసిన వృద్ధుడు మరునాడు మరల రావలసియుండును. పటముపై మళ్లింపు గీత గీయుట సులభము. ఆ గీత ఎన్ని నిలుపుదలలను విడిచిపోవుచున్నదో లెక్కించుట అంతకంటె ముఖ్యము.

బస్సు ఆలస్యమువలన కలుగు మరియొక నష్టము సామాన్యముగా కంటికి కనబడదు. ఒక బస్సు పోయి వచ్చుటకు రెండు గంటలు పట్టుననుకొందము. అది పండ్రెండు గంటలలో ఆరు ట్రిప్పులు తిరుగును. మళ్లింపువలనను, రద్దీవలనను పోయి వచ్చుటకు మూడు గంటలు పట్టినచో నాలుగు ట్రిప్పులే తిరుగును. పది బస్సులు గల మార్గములో దినమునకు 60 ట్రిప్పులకు బదులు 40 మాత్రమే నడచును. బస్సులు తగ్గలేదు, డ్రైవర్లు, కండక్టర్లు తగ్గలేదు, ఐనను ప్రయాణికునకు మూడవవంతు సేవ తగ్గిపోయినది. వచ్చిన బస్సు క్రిక్కిరిసియుండును. దానిని విడిచినవారు ఆటో ఎక్కుదురు. లేక అప్పుచేసియైన మోటారుసైకిలు కొందురు. అందువలన దారిపై వాహనములు పెరిగి రద్దీ ఇంకను హెచ్చును. పూర్వపు సేవ నిలుపుటకే పది బస్సుల చోట పదునైదు కావలెను. కావున దారి పనులు మొదలుపెట్టునప్పుడు బస్సులను అదనముగా ఏర్పాటుచేయుట ప్రజలకు చేయు ఉపకారము మాత్రమే కాదు. ఆ రద్దీని తగ్గించు సాధనము కూడ.

బస్సునకు ఎందులకు ఇంత ప్రాధాన్యమీయవలెనని కొందరు అడుగవచ్చును. ఏబదిమంది కూర్చుండిన ఒక బస్సు రెండు మూడు కార్లకు పట్టు చోటును మాత్రమే ఆక్రమించును. ఆ ఏబదిమందియు ఇద్దరిద్దరుగా కార్లలో బయలుదేరినచో ఇరువదియైదు కార్లు కావలెను. ఇరుకైన తూమునుండి ఎక్కువమందిని దాటింపవలెననినచో వాహనములను గాక మనుష్యులను లెక్కింపవలెను. 1958 జనవరి 11వ తేదీన ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఊరూరికి బస్సు నడిపి ఈ పని చేయుచున్నది. దాని ప్రధాన కార్యాలయము విజయవాడలోని పండిట్ నెహ్రూ బస్సు ప్రాంగణముననే కలదు. అవకాశమున్నచోట పని జరుగు దారిలో బస్సులను, అత్యవసర వాహనములను మాత్రము విడిచి తక్కినవానిని మళ్లించుట మేలైన పద్ధతి. అది వీలుకానప్పుడు విడిచిన నిలుపుదలలకు చిన్న బస్సులనైన నడుపవలెను.

రెండవ సూత్రము ముందుగా తెలుపుట. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 115వ విభాగము ప్రజాక్షేమమునకై ఒక దారిపై వాహనములను నిషేధించుటకు ప్రభుత్వమునకు అధికారమిచ్చుచున్నది. ఆ నిషేధము నెలకు మించినచో రాజపత్రమున ప్రకటింపవలెను. నెలకు లోబడినదైనను ఆ ప్రాంతమున వీలైనంతవరకు ప్రచారము చేయవలెనని చట్టము చెప్పుచున్నది. చెప్పకుండ దారి మూయుట తగదని దీని భావము. బస్సు నిలుపుదల మారినచో పాత నిలుపుదల దగ్గరనే, చదువురానివారికి కూడ అర్థమగునట్లు, బాణపు గుర్తుతో పలక నిలుపవలెను. కండక్టరు ముందటి దినముననే ప్రయాణికులకు చెప్పవలెను.

ముందుగా తెలుపుట ఎంత పని చేయునో స్వీడను దేశము చూపినది. ఆ దేశమున వాహనములు పూర్వము దారికి ఎడమవైపున నడచుచుండెను. ఇరుగుపొరుగు దేశములతో పొందికగా నుండుటకై కుడివైపునకు మార్చవలెనని 1963లో నిశ్చయించిరి. నాలుగు సంవత్సరములు అందుకై సిద్ధపడిరి. కొత్త గుర్తు పలకలు చేయించి ముసుగులు వేసి నిలిపిరి. తలుపులు ఎడమవైపునున్న బస్సులను మార్పించిరి. చివరకు పాలడబ్బాలపై కూడ ఆ మార్పును గుర్తుచేయు చిహ్నమును ముద్రించిరి. 1967 సెప్టెంబరు 3వ తేదీ ఆదివారము తెల్లవారుజామున అయిదు గంటలకు దేశమంతటను వాహనములు కుడివైపునకు మారెను. ప్రజలు ఆ దినములలో మిక్కిలి జాగ్రత్తతో నడచుటవలన మొదట ప్రమాదములు తగ్గెను కూడ. అలవాటుపడిన తరువాత జాగ్రత్త సడలి, ప్రమాదముల సంఖ్య మరల పూర్వమువలె ఆయెను. ఒక దేశమంతయు ఒక ఉదయమున దారి మార్చుకొనగలిగినప్పుడు, ఒక కూడలిలో బస్సు దారి మార్చుట అసాధ్యము కాదు. కావలసినది ముందుచూపు, మాట తెలియజేయుట, మనుష్యుల సహకారము.

మూడవ సూత్రము నడచువారిని మరువకుండుట. తవ్విన గోతులచుట్టు కంచె, రాత్రి ఎఱ్ఱదీపము, నడచుటకు చదునైన బాట తప్పక ఉండవలెను. తారు లేని దారిపై వేసవిలో దుమ్ము రేగకుండ నీరు చల్లవలెను. దుకాణములవారికి, దారి పక్క ఇండ్లవారికి రాకపోకలకు పలకలైన వేయవలెను. అన్నిటికంటె ముఖ్యముగా 108 వాహనమునకు దారి ఉండవలెను. ఆంధ్రప్రదేశములో ఆ సేవ 2005లో మొదలై ఎందరినో ఆసుపత్రులకు చేర్చినది. అత్యవసర వాహనమునకు దారి ఈయకుండుట 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము నేరము. అందుకు పదివేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలలవరకు చెరసాల గాని కలదు. ఐనను శిక్షకు వెరచి దారి ఇచ్చుటకంటె, లోపలనున్నవాడు తనవాడే అయియుండునని తలచి దారి ఇచ్చుట మనుష్యధర్మము.

ఇక ప్రజల వంతు కలదు. ఇరుకు దారిలో రెండు వరుసలు ఒకటిగా కలియుచోట ఒక వరుసనుండి ఒక వాహనము, రెండవ వరుసనుండి ఒక వాహనము వంతుగా పోయినచో నిమిషమునకు ముప్పదియు దాటును. ఒక్కడు తొందరపడి ఎదురు వాహనముల వరుసలోనికి చొచ్చినచో ఇరువైపులవారును నిలిచిపోవుదురు. అతడు ఆదాచేసికొనదలచినది ఒక నిమిషము. వెనుకనున్న మూడువందలమందికి ఒక్కొక్క నిమిషము చొప్పున అయిదు గంటలు నష్టపోవును. గ్రామములలో నీటి వంతు తప్పించి రాత్రివేళ గండికొట్టినవానిని ఊరివారు తప్పుపట్టుదురు. దారిలో వంతు తప్పినవాడు చేయునదియు అట్టి పనియే.

కట్టడములు ముగిసినంతమాత్రమున ఈ విషయము ముగియదు. ఫ్లైఓవర్లు వచ్చినవి, బందరు రోడ్డు వెడల్పైనది. ఐనను ఊళ్లు పెరుగుచున్నవి. కంకిపాడునకును విజయవాడకును నడుమనున్న పల్లెలు నగరములో కలిసిపోవుచున్నవి. మచిలీపట్నమున కొత్త ఓడరేవునకు 2023లో శంకుస్థాపన జరిగినది. అది పనిచేయునప్పుడు బరువు వాహనములు ఈ దారిపై హెచ్చును. బస్సు ప్రాంగణమునుండి పెనమలూరు వరకు మెట్రోరైలు మార్గమును కూడ తలపెట్టియున్నారు. కావున తవ్వకములును, మళ్లింపులును మరల రాక తప్పదు. నేడు పాఠశాలలో చదువుచున్న బాలురు, బాలికలు రేపు ఇంజనీర్లుగాను, పోలీసు ఉద్యోగులుగాను, బస్సు డ్రైవర్లుగాను ఆ దారులమీదనే పనిచేయుదురు. పటముపై మళ్లింపు గీత గీయవలసివచ్చినప్పుడు వారు మొదట ఆ గీతకు బయట మిగిలిన చిన్న నిలుపుదలను, అక్కడ బస్సుకై ఎదురుచూచుచున్న మనిషిని తలచుకొందురుగాక. ఆ మనిషికి దారి చూపిన తరువాత మూసిన రహదారిని ప్రజలు ఓర్పుతో సహింతురు. తెరచిన రహదారిని తమదిగా భావింతురు.